పాత గేమ్‌లు కొత్తగా వచ్చినప్పుడు కష్టం ఎక్కడికి పోతుంది?

2025 అక్టోబర్ 2న నింటెండో రెండు పాత ఆటలను మళ్లీ అమ్మకానికి పెట్టింది. ఒకటి 2007లో వచ్చిన సూపర్ మారియో గెలాక్సీ, రెండోది 2010లో వచ్చిన గెలాక్సీ 2. రెండూ కలిపి అమెరికాలో 70 డాలర్లు. బొమ్మ నాణ్యత పెరిగింది. దాంతోపాటు అసిస్ట్ మోడ్ అని ఒకటి వచ్చింది. అది ఆన్ చేస్తే మారియో ఎక్కువ దెబ్బలు తట్టుకుంటాడు, గోతిలో పడినా ప్రాణం పోకుండా వెనక్కి వస్తాడు.

ఇలాంటి రీ-రిలీజ్ ఏది వచ్చినా మూడు రకాల మాటలు వినిపిస్తాయి. ఆటను మరీ పిల్లలాట చేసేశారని ఒకరంటారు. ఆఫీసు నుంచి వచ్చి అరగంట ఆడుకునేవాడికి ఆ టెన్షన్ ఎందుకని ఇంకొకరంటారు. మూడోవారు డబ్బు దగ్గర ఆగిపోతారు. ఎప్పుడో పూర్తి చేసిన ఆటను మళ్లీ కొంటే అందులో మళ్లీ ఆడటానికి ఏం మిగిలింది అని వాళ్ల ప్రశ్న. పైకి ఇవి మూడు వేర్వేరు గొడవలు. ముడి మాత్రం ఒకే చోట ఉంది. పాత ఆటల్లో మనం కష్టం అని ఒక్క మాటలో చెప్పేసేదాంట్లో నిజానికి రెండు భాగాలున్నాయి. అందులో ఒకదాన్ని కదిలిస్తే ఆట నిడివి, మళ్లీ ఆడాలనే కోరిక, పెట్టిన డబ్బు గిట్టిందా లేదా అన్న లెక్క కూడా దాంతోపాటే కదులుతాయి.

ముందుగా కొన్ని పేర్లు

ప్లాట్‌ఫార్మర్ అంటే పరిగెత్తడం, గెంతడం మీద నడిచే ఆట. మారియో, సోనిక్, మెగా మ్యాన్, క్రాష్ బ్యాండికూట్, స్కూలు కంప్యూటర్ ల్యాబుల్లో ఆడిన డేంజరస్ డేవ్ అన్నీ ఈ కోవలోవే. కాంట్రాలో తుపాకీదే పెత్తనమైనా, గెంతు తప్పితే అక్కడా బతకలేం కాబట్టి ఈ చర్చలో దాన్నీ కలుపుకోవచ్చు.

రీ-రిలీజ్‌లలో రకాలున్నాయి. పాత ప్రోగ్రామ్‌ను ముట్టుకోకుండా, పాత మెషీన్‌లా నటించే సాఫ్ట్‌వేర్‌లో దాన్ని నడిపిస్తే అది ఎమ్యులేషన్. ప్రోగ్రామ్‌ను కొత్త మెషీన్‌కు సరిపడేలా మార్చి రాస్తే పోర్ట్. ఆట అదే ఉంచి బొమ్మకూ శబ్దానికీ మెరుగులు దిద్దితే రీమాస్టర్. పునాది నుంచి మళ్లీ కడితే రీమేక్. కంపెనీలు ప్రకటనల్లో ఈ పేర్లను ఇష్టమొచ్చినట్టు వాడేస్తాయి కాబట్టి డబ్బా మీద ఏం రాశారన్నది పెద్దగా ఉపయోగపడదు.

రీప్లే వాల్యూ అంటే ఒకసారి పూర్తయ్యాక కూడా ఆటను మళ్లీ మొదలుపెట్టాలనిపించే గుణం. చెప్పడానికి తేలికే. కొలవడం దగ్గరే చిక్కంతా, దాని సంగతి తర్వాత చూద్దాం.

గెంతడం ఎంత కష్టం, పడితే పోయేదెంత

ఒక లెవెల్‌లో 10 గోతులు ఉన్నాయనుకుందాం. మన ఆటగాడు ఏ గోతినైనా 10 సార్లలో 7 సార్లు దాటగలడు. ఎక్కడ పడినా మళ్లీ లెవెల్ మొదటికే రావాలి. ఒక్క ఊపులో పదీ దాటే అవకాశం ఎంత? 0.7ను పది సార్లు హెచ్చిస్తే తేలుతుంది. నూటికి 3 కూడా రాదు. ఆ లెవెల్ పూర్తయ్యేసరికి అతను సగటున 115 గెంతులు వేయాల్సి వస్తుంది.

ఇప్పుడు ఐదో గోతి దాటాక ఒక చెక్‌పాయింట్ పెడదాం. అక్కడికి చేరాక పడితే మొదటికి కాకుండా అక్కడికే వస్తాడు. సగటు 33 గెంతులకు పడిపోతుంది. చెక్‌పాయింట్ కాకుండా రివైండ్ ఇద్దాం. పడిన క్షణం నుంచి కాస్త వెనక్కి జరిపి అదే గోతిని మళ్లీ ప్రయత్నించవచ్చు. అప్పుడు 14 గెంతులు చాలు.

115, 33, 14. మూడు సందర్భాల్లోనూ గోతి వెడల్పు మారలేదు, మారియో కాళ్ల బలం మారలేదు. గెంతు ఎంత కష్టమో అది అంతే ఉంది. మారిందల్లా పడితే పోయే కాలం. మొదటిదాన్ని గెంతు కష్టం అనీ, రెండోదాన్ని ఓటమి ఖరీదు అనీ అనుకుందాం. రీ-రిలీజ్ ఆటను సులభం చేసేసిందని ఎవరైనా అన్నప్పుడు తొంభై పాళ్లు రెండోదాని గురించే అంటున్నారు.

ఇదే లెక్క ఇంకొంచెం బాగా ఆడేవాడికి వేసి చూడండి. అతను ప్రతి గోతినీ 10లో 9 సార్లు దాటగలడు. చెక్‌పాయింట్ లేకపోతే 19 గెంతులు, ఉంటే 14, రివైండ్‌తో 11. అంటే రివైండ్ ఉన్నా లేకపోయినా ఇతనికి పెద్ద తేడా తెలియదు. మొదటివాడికి మాత్రం ఆట పూర్తి చేయడానికీ, కంట్రోలర్ పక్కన పడేయడానికీ మధ్య తేడా అదే. చేయి తిరిగినవాళ్లకు ఈ సదుపాయాలు ఎవరికోసమో అర్థం కాకపోవడంలో వింత లేదు. వాళ్ల అనుభవంలో అవి దాదాపు లేనట్టే.

ఈ లెక్కలో ఒక లోపం ఉంది, అసలు వాదమంతా దాని మీదే నడుస్తోంది. మన ఆటగాడు ఎన్నిసార్లు ఆడినా 10కి 7 దగ్గరే ఆగిపోతాడని ఇందులో అనుకున్నాం. నిజంగా ఎవరూ అలా ఉండరు. 115 గెంతులు వేసినవాడు సగం దారిలోనే 10కి 9 అయిపోతాడు. రివైండ్‌తో వెళ్లినవాడు ఒక్కో గోతిని ఒకటిన్నర సార్లు చూసి దాటేశాడు, చేయి ఏమీ తిరగలేదు. పాత పద్ధతిని సమర్థించేవారి బలమైన వాదన ఇదే. ఓటమి ఖరీదు ఎక్కువగా ఉండటం వల్లే ఆట నేర్పేది, అది తీసేస్తే మిగిలేది దారి చూసి రావడమే అని వాళ్లంటారు. అవతలివారి జవాబు కూడా తీసిపారేసేది కాదు. పదో గోతిని నేర్చుకోవడానికి మొదటి తొమ్మిదింటినీ ప్రతిసారీ దాటి రావాలంటే, ఆ సమయంలో ఎక్కువ భాగం వచ్చిన పాఠాన్నే మళ్లీ వల్లె వేయడానికి పోతుంది. చెక్‌పాయింట్ ఉంటే అదే పదో గోతి మీద ఎక్కువ సాధన చేయవచ్చు.

అంత ఖరీదు ఎందుకు పెట్టారు

దీనికి కళ కన్నా వ్యాపారమే ఎక్కువ కారణం. 1981లో డాంకీ కాంగ్ వచ్చినప్పుడు గేమ్‌లు నాణెం వేసి ఆడే మెషీన్లలో ఉండేవి. ఒక్క నాణెంతో ఒకడు గంటసేపు నిలబడితే మెషీన్ యజమానికి నష్టం. త్వరగా ఓడించాలి, అయినా మరో నాణెం వేయాలనిపించాలి. మూడు లైఫ్‌లు, గేమ్ ఓవర్, మొదటి నుంచి మొదలు అనే పద్ధతి అక్కడ పుట్టింది.

ఇంటి టీవీకి వచ్చాక నాణెం పోయినా పద్ధతి పోలేదు. ఈసారి కారణం మెమొరీ. 1985లో వచ్చిన సూపర్ మారియో బ్రోస్ మొత్తం 40 కిలోబైట్లు. ఇప్పుడు ఫోన్‌లో తీసే ఒక్క ఫొటో దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. అందులో 8 వరల్డ్‌లు, ఒక్కోదానిలో 4 లెవెల్స్, మొత్తం 32. ఆట బాగా వచ్చినవారు ఏ లెవెల్ వదలకుండా ఆడినా అరగంటలో ముగించేస్తారు. క్యాసెట్ కొనిచ్చిన తల్లిదండ్రులకు అరగంట ఆట అంటే ఏం గిట్టుబాటు? లైఫ్‌లు అయిపోతే వరల్డ్ 1కి పంపడం ద్వారా ఆ అరగంటను నెలలకు సాగదీశారు. టైటిల్ తెర మీద 'A' బటన్ పట్టుకుని స్టార్ట్ నొక్కితే చచ్చిపోయిన వరల్డ్ నుంచే మొదలవుతుందన్న కిటుకు ఆటలోనే ఉంది, చాలా మందికి తెలియలేదంతే.

అమెరికాలో ఇంకో బెడద వచ్చింది, వీడియో క్యాసెట్ల షాపుల్లో గేమ్‌లు అద్దెకు ఇవ్వడం. జపాన్‌లో గేమ్‌ల అద్దెకు వీలు లేదు. అమెరికాలో నింటెండో ఎంత కస్సుబుస్సులాడినా దాన్ని ఆపలేకపోయింది. 1989లో బ్లాక్‌బస్టర్ అనే అద్దె షాపుల కంపెనీ మీద కేసు వేసింది కూడా అద్దె గురించి కాదు, గేమ్‌తో వచ్చే చిన్న పుస్తకాలను జిరాక్స్ తీసి ఇస్తున్నారని. శని, ఆదివారాలకు అద్దెకు తెచ్చి సోమవారానికి ముగించేస్తే ఇక కొనేదెవరు? 1994 నాటి లయన్ కింగ్ గేమ్‌లో రెండో లెవెల్ దీనికి పేరుమోసిన ఉదాహరణ. కోతులు సింబాను ఒకదాని నుంచి ఒకదానికి విసురుతూ ఉంటాయి, వాటి వరస సరిగ్గా పట్టుకోకపోతే అక్కడే తిరుగుతూ ఉండాలి. పిల్లల సినిమా మీద తీసిన ఆటలో రెండో మెట్టుకే అంత అడ్డంకి ఏమిటని చాలా మంది తల పట్టుకున్నారు. అద్దెకు తెచ్చినవారు త్వరగా ముగించకూడదన్న ఆలోచనే దానికి కారణమని ఆట తయారుచేసిన వెస్ట్‌వుడ్ స్టూడియోస్ సహ వ్యవస్థాపకుడు లూయిస్ క్యాజిల్ తర్వాతెప్పుడో చెప్పారు.

అదే 1994లో వచ్చిన కాంట్రా హార్డ్ కోర్ జపాన్ వెర్షన్‌లో ఒక్కో లైఫ్‌కు మూడు దెబ్బలు తట్టుకోవచ్చు, కంటిన్యూలకు, అంటే లైఫ్‌లన్నీ పోయాక ఆటను కొనసాగించే అవకాశాలకు, లెక్క లేదు. అమెరికా వెర్షన్‌లో ఒక్క దెబ్బకే లైఫ్ పోతుంది, కంటిన్యూలు కూడా లెక్కపెట్టి ఇచ్చారు. నింజా గైడెన్ 3 కూడా సముద్రం దాటగానే ఇలాగే గట్టిపడింది.

అయితే జపాన్‌వి తేలిక, అమెరికావి కష్టం అని సూత్రం చెప్పేయలేం. 1986లో జపాన్‌లో వచ్చిన అసలు సూపర్ మారియో బ్రోస్ 2 దీనికి పూర్తిగా తిరగబడిన కథ. తింటే చచ్చే పుట్టగొడుగులు, గెంతును ఎటో తోసేసే గాలి, వరల్డ్‌లు దాటించాల్సింది పోయి వెనక్కి తీసుకెళ్లే వార్ప్ జోన్లు (అడ్డదారులు) అందులో ఉన్నాయి. అమెరికా నింటెండోలో ఆటలను పరీక్షించే హోవార్డ్ ఫిలిప్స్ ఆడి చూసి, ఇది ఇక్కడ పనికిరాదని తేల్చారు. దానికి బదులు డోకి డోకి ప్యానిక్ అనే వేరే ఆటలో బొమ్మలు మార్చి, 1988లో అమెరికాకు సూపర్ మారియో బ్రోస్ 2గా ఇచ్చారు. అసలుది అక్కడికి చేరింది 1993లో, సూపర్ మారియో ఆల్-స్టార్స్ అనే సంకలనంలో ది లాస్ట్ లెవెల్స్ పేరుతో. అందులో లెవెల్ తర్వాత లెవెల్ సేవ్ చేసుకోవచ్చు, విషపు పుట్టగొడుగును తేలిగ్గా గుర్తుపట్టేలా బొమ్మ మార్చారు. గోతులను పెద్దగా ముట్టుకోలేదు, ఓటమి ఖరీదును మాత్రం కోసేశారు. రీ-రిలీజ్‌లో కష్టం తగ్గించడం ఇప్పటి కాలపు జబ్బు అనేవారికి ఈ 1993 ఉదాహరణ గుర్తుచేయాల్సి వస్తుంది.

మెగా మ్యాన్ 2 అమెరికా వెర్షన్ మరీ గమ్మత్తు. అందులో నార్మల్, డిఫికల్ట్ అని రెండు మోడ్‌లు ఉంటాయి. నార్మల్ అనేది అమెరికా కోసం కలిపిన తేలిక మోడ్. డిఫికల్ట్ అన్నదే జపాన్‌లో వచ్చిన మామూలు ఆట.

మనం ఆడిన 'ఒరిజినల్' ఏది?

తెలుగు ఊళ్లలో 1990లలో, 2000 తొలి ఏళ్లలో మారియో, కాంట్రా ఆడినవారిలో చాలా మంది అసలు నింటెండో మెషీన్‌ను చూసి కూడా ఉండరు. లిటిల్ మాస్టర్, మీడియా లాంటి పేర్లతో దొరికిన నకలు మెషీన్లు, 9999999 ఇన్ 1 అని రాసి ఉన్న క్యాసెట్లు మనవి. మెనూలో పేజీలకు పేజీలు పేర్లు ఉండేవి, లోపల ఉన్నవి మాత్రం గుప్పెడు ఆటలే. ఒకే ఆటను రకరకాలుగా మార్చి వేర్వేరు నంబర్లుగా చూపించేవారు. ఒక వరసలో మారియో మొదటి నుంచి మొదలవుతుంది, ఇంకో వరసలో ఏదో మధ్య వరల్డ్ నుంచి. ఒక కాంట్రాలో మామూలు లైఫ్‌లు, ఇంకో కాంట్రాలో 30.

అసలు కాంట్రాలో 30 లైఫ్‌లు కావాలంటే పైకి, పైకి, కిందికి, కిందికి అంటూ మొదలయ్యే కోడ్ నొక్కాలి. ఆ కోడ్‌ను కొనామీ ఉద్యోగి కజుహిసా హషిమొతో 1986లో గ్రాడియస్ ఆటకు పెట్టారు, తను తయారుచేస్తున్న ఆట పరీక్షించడానికి తనకే మరీ కష్టంగా ఉందని. మన క్యాసెట్ల తయారీదారులు కోడ్ అవసరం కూడా లేకుండా దాన్ని మెనూలోనే పెట్టేశారు. ఇప్పటి అసిస్ట్ మోడ్ చేసే పని ఇదే, లైసెన్సు లేదన్నది ఒక్కటే తేడా. అందుకని చిన్నప్పుడు కాంట్రా పూర్తి చేశానని ఎవరైనా చెబితే, ఎన్నో నంబర్ కాంట్రా అని అడగాల్సిందే.

కంప్యూటర్ ల్యాబు తరానికి ఇదే ప్రశ్న ప్రిన్స్ ఆఫ్ పర్షియాతో వస్తుంది. జోర్డన్ మెక్నర్ 1989లో చేసిన ఈ ఆటలో 12 లెవెల్స్, గడువు 60 నిమిషాలు. చచ్చినా లైఫ్‌ల లెక్క లేదు, గడియారం మాత్రం ఆగదు. పాత పీసీల కోసం వచ్చిన డాస్ వెర్షన్‌లో మూడో లెవెల్ నుంచి సేవ్ చేసుకోవచ్చు కానీ మిగిలిన నిమిషాలూ అలాగే సేవ్ అవుతాయి. ఓటమి ఖరీదును ఇంత నిజాయితీగా, నిమిషాల్లో చూపించిన ఆట ఇంకొకటి నాకు తట్టదు. 1992లో సూపర్ నింటెండోకు వెళ్లినప్పుడు లెవెల్స్ 20 అయ్యాయి, గడువు 120 నిమిషాలైంది. ప్రిన్స్ మెగాహిట్ అని టైప్ చేసి మొదలుపెట్టి, లెవెల్స్ దాటేసుకుంటూ రాజకుమారిని చూసొచ్చినవారు ఆడింది ఏ వెర్షన్ అంటే జవాబు చెప్పడం కష్టం.

ఎవరూ ముట్టుకోకుండానే మారిపోయే కష్టం

ప్రోగ్రామ్‌లో ఒక్క అక్షరం మార్చకపోయినా ఆట మారవచ్చు. పాత ఆటల్లో కదలికంతా టీవీ బొమ్మ మారే వేగానికి కట్టి ఉండేది. జపాన్, అమెరికా టీవీల్లో అది సెకనుకు 60 సార్లు, ఐరోపాలో వాడిన పాల్ పద్ధతిలో 50. సరిచేయకుండా తెచ్చిన ఆట ఆరో వంతు నెమ్మదిగా నడుస్తుంది, అంటే గోతి కనిపించాక ఆలోచించుకోవడానికి కాస్త ఎక్కువ సమయం దొరుకుతుంది. దూరదర్శన్ కాలం నుంచి మన టీవీలదీ పాల్ పద్ధతే. 2018లో సోనీ ప్లేస్టేషన్ క్లాసిక్ అనే చిన్న మెషీన్‌ను 20 పాత ఆటలతో అమ్మినప్పుడు, అందులో 9 ఈ నెమ్మది వెర్షన్లని తేలి పెద్ద రభసే అయింది.

ఇంకోటి టీవీ ఆలస్యం. పాత డబ్బా టీవీలు సిగ్నల్ వచ్చీ రాగానే బొమ్మ వేసేవి. ఇప్పటి పల్చటి టీవీలు బొమ్మను లోపల శుద్ధి చేసి చూపిస్తాయి, దానికి కాస్త సమయం పడుతుంది. తెర మీద బొమ్మ ఒకసారి మారడాన్ని ఒక ఫ్రేమ్ అంటారు. మూడు ఫ్రేమ్‌ల ఆలస్యం ఉందనుకుందాం, అంటే సెకనులో ఇరవయ్యో వంతు. మొదటి మారియోలో పూర్తి వేగంతో పరిగెత్తే మారియో ఫ్రేమ్‌కు దాదాపు రెండున్నర పిక్సెల్‌లు కదులుతాడు. మూడు ఫ్రేమ్‌లలో ఏడున్నర. ఒక ఇటుక వెడల్పు 16 పిక్సెల్‌లు. అంటే మనకు గోతి అంచున కనిపిస్తున్న మారియో అప్పటికే దాదాపు సగం ఇటుక ముందుకు వెళ్లిపోయాడు. చిన్నప్పుడు తేలిగ్గా దాటిన గోతి ఇప్పుడు దాటలేకపోతే తప్పంతా వయసుది కాకపోవచ్చు.

తెర పరిమాణం సంగతి ఇంకా స్పష్టం. 1999లో మొదటి మారియోను గేమ్ బాయ్ కలర్‌కు సూపర్ మారియో బ్రోస్ డీలక్స్ పేరుతో తెచ్చారు. అసలు ఆట తెర వెడల్పు 256 పిక్సెల్‌లు, ఈ చేతి మెషీన్‌ది 160. బొమ్మలను చిన్నవి చేయలేదు, తెరలో కనిపించే భాగాన్నే కుదించారు. ముందున్న శత్రువు మూడో వంతుకు పైగా ఆలస్యంగా కంటపడతాడు. అదే వెర్షన్‌లో సేవ్ సదుపాయం ఇచ్చారు. గెంతు కష్టం పెరిగింది, ఓటమి ఖరీదు తగ్గింది, రెండూ ఒకే క్యాసెట్‌లో. ఈ ఆట సులభమైందా కష్టమైందా అని ఒక్క ముక్కలో చెప్పమంటే ఎలా చెబుతాం?

క్రాష్ 2017: చూపుకు అదే, కాళ్లకు కాదు

ఈ తిరకాసు ఎక్కువగా బయటపడింది క్రాష్ బ్యాండికూట్ దగ్గర. నాటీ డాగ్ 1996లో ప్లేస్టేషన్‌కు చేసిన మొదటి క్రాష్‌లో ఓటమి ఖరీదు చాలా ఎక్కువ. ఎక్కడపడితే అక్కడ సేవ్ చేయడానికి లేదు. బోనస్ రౌండ్ పూర్తి చేయాలి, లేదా జెమ్ సంపాదించాలి, అప్పుడే సేవ్ తెర వస్తుంది. అయినా ఆ ఆటకు దయ లేదనలేం. ఒకే చోట పదే పదే చచ్చేవారికి చడీచప్పుడు లేకుండా రక్షణ ముసుగు ఒకటి అదనంగా ఇచ్చేది. ఆడేవాడికి ఆ సంగతే తెలిసేది కాదు.

2017లో వికేరియస్ విజన్స్ స్టూడియో మొదటి మూడు క్రాష్‌లనూ పునాది నుంచి మళ్లీ కట్టి ఎన్ సేన్ ట్రైలజీగా తెచ్చింది. ఏ లెవెల్ పూర్తయ్యాకైనా సేవ్ చేసుకోవచ్చు. కాబట్టి తేలికవ్వాలి. కానీ పాతది కంఠతా వచ్చినవారే గోతుల్లో పడటం మొదలుపెట్టారు. ది హై రోడ్ అనే తాళ్ల వంతెన లెవెల్ దగ్గరైతే గగ్గోలే. మీ చేయి పోయిందంటూ కొందరు వాళ్లను ఎగతాళి చేశారు కూడా. తర్వాత ప్రచురణకర్త ఆక్టివిజన్ వివరణ ఇచ్చింది. మూడు ఆటలకూ కలిపి గెంతు తీరును మూడో క్రాష్‌కు దగ్గరగా తీసుకున్నారు, మొదటి ఆటతో పోలిస్తే క్రాష్ త్వరగా కిందికి వస్తాడు. పైగా, పాత్ర పాదం నేలకు ఎలా తగులుతుందో లెక్కించే పద్ధతి కొత్త ఇంజిన్‌లో, అంటే ఆటను నడిపే సాఫ్ట్‌వేర్‌లో, వేరు. దాంతో కొన్ని గెంతులకు పాతదానికన్నా ఎక్కువ కచ్చితత్వం కావాలి. అంచు మీద దిగిన క్రాష్ జారిపోవడానికి కారణం ఇదే.

మొదటి ఆట లెవెల్స్ వేరే కాళ్ల కోసం కొలిచి గీసినవి. గీతలు అలాగే ఉంచి కాళ్లు మార్చారు. ఇక్కడ ఎగతాళి పడ్డవారి మాటే నిజమైంది. ఇంతకీ ఆ స్టూడియో కష్టానికి భయపడిందని కూడా అనలేం. మరీ కష్టమని 1996లో ఆటలోంచి పక్కనపెట్టేసిన స్టార్మీ అసెంట్ లెవెల్‌ను అదే ఏడాది విడిగా కట్టి విడుదల చేసింది.

మళ్లీ ఆడటం, మళ్లీ ఆడించడం

ఇప్పుడు రీప్లే వాల్యూ. పాత ఆటలను వందసార్లు ఆడామని గొప్పగా చెప్పుకుంటాం కదా. ఆ వందలో ఎన్నిసార్లు మనం ఆడాం, ఎన్నిసార్లు ఆట మనల్ని ఆడించింది అన్నది వేరు చేయాలి.

ఆట ఆడించడానికి మచ్చు తునక 1985 నాటి ఘోస్ట్స్ ఎన్ గాబ్లిన్స్. చచ్చీ చెడీ చివరి దాకా వెళ్తే, ఇదంతా మాయ, మళ్లీ మొదటి నుంచి రమ్మంటుంది. రెండోసారి కూడా పూర్తి చేస్తేనే నిజమైన ముగింపు. దీన్ని రీప్లే వాల్యూ అనడానికి నాకు మనసొప్పదు. వరల్డ్ 8 దాకా వెళ్లి లైఫ్‌లన్నీ పోగొట్టుకుని వరల్డ్ 1 ఆడటం కూడా ఈ ఖాతాలోదే. రివైండ్, సేవ్ వచ్చాక ఈ భాగం పూర్తిగా ఆవిరైపోతుంది. అప్పుడే కొన్ని ఆటలు నిజంగా ఎంత చిన్నవో తెలిసి, ఇంతేనా అనిపిస్తుంది. మళ్లీ కొని నిరాశపడే చాలా మంది సంగతి ఇదే. వాళ్ల జ్ఞాపకంలో ఉన్న ఆట పెద్దది, ఎందుకంటే అందులో వాళ్ల ఓటములు కూడా కలిసి ఉన్నాయి.

ఆటే మనల్ని వెనక్కి పిలిచే రకం వేరు. 1990 నాటి సూపర్ మారియో వరల్డ్‌లో లెవెల్స్ నుంచి బయటపడే దారులు 96. ఆట ముగించడానికి అందులో కొన్ని చాలు, మిగిలినవి వెతుక్కునేవాడికే. 1986 నాటి మెట్రాయిడ్ ఎంత త్వరగా పూర్తి చేస్తే అంత మంచి ముగింపు చూపిస్తుంది. మొదటి మారియోలో వరల్డ్ 1-2 నుంచి 4కు, 4-2 నుంచి 8కి వార్ప్ చేస్తే 32 లెవెల్స్‌లో 8 మాత్రమే ఆడి యువరాణి దగ్గరికి చేరవచ్చు. ఈ దారినే పట్టుకుని స్పీడ్ రన్ చేసేవారు ఆటను 5 నిమిషాల లోపే ముగిస్తున్నారు. నలభై ఏళ్ల కిందటి ఆటలో ఇంకా సెకనులో వందో వంతుల కోసం పోటీ పడుతున్నారంటే అది బలవంతంగా ఆడించడం వల్ల వచ్చింది కాదు. మారియో వేగం పట్టుకోవడానికి తీసుకునే కాలం, జారుతూ ఆగే తీరు, బటన్ ఎంతసేపు నొక్కితే అంత ఎత్తు ఎగరడం, వీటిలో నేర్చుకోవడానికి అంత లోతు ఉంది. ఈ లోతును రివైండ్ తీసేయలేదు. కష్టమైన గెంతును పదే పదే సాధన చేయడానికి స్పీడ్ రన్నర్లే సేవ్ స్టేట్‌లను (ఆటను ఏ క్షణంలోనైనా ఉన్నదున్నట్టు దాచుకునే సదుపాయం) ఎక్కువగా వాడతారు.

డబ్బు గిట్టిందా అన్న లెక్క కూడా దీంతోనే మారుతుంది. గంటకు ఎంత పడింది అని లెక్కేసేవారికి పాత ఆట పాత పద్ధతిలోనే చవక. ఇప్పటి సదుపాయాలతో అదే ఆట ఖరీదు అనిపిస్తుంది.

ఇష్టం లేకపోతే ఆన్ చేయకు, అంటే సరిపోతుందా?

వాదం సాధారణంగా ఈ వాక్యం దగ్గర ముగిసిపోవాలి. 2009 నాటి న్యూ సూపర్ మారియో బ్రోస్ వీలో ఒకే లెవెల్‌లో 8 సార్లు చస్తే ఆకుపచ్చ బ్లాక్ వస్తుంది, కొడితే ఆటే ఆడి చూపిస్తుంది. కొట్టకపోతే నష్టం లేదు. 2018లో వచ్చిన సెలెస్ట్ కావాలనే కష్టంగా కట్టిన, కొండ ఎక్కే ఆట. అయినా అందులో వేగం తగ్గించుకోవచ్చు, చావే లేకుండా చేసుకోవచ్చు. చేతి కదలికల్లో ఇబ్బంది ఉన్నవారు ఆ కొండ ఎక్కారంటే ఆ మెనూ వల్లే. సదుపాయం ఉన్నందువల్ల మామూలుగా ఆడినవారి ఆట ఒక్క అంగుళం తగ్గలేదు. నా మొగ్గు ఇటే.

కానీ అవతలి వాదాన్ని అసూయ అని కొట్టిపారేయడం న్యాయం కాదు. రివైండ్ బటన్ చేతి కింద ఉన్నప్పుడు ప్రతి ఓటమి దగ్గరా దాన్ని నొక్కకుండా ఉండటం కూడా మన పనే అవుతుంది. పాత ఆటలో ఆ నిగ్రహం అక్కర్లేదు, ఆటే చూసుకునేది. బాస్ (చివర్లో ఎదురయ్యే పెద్ద శత్రువు) దగ్గరికి చివరి లైఫ్‌తో చేరినప్పుడు అరచేతులు చెమటపట్టడానికి కారణం వెనక్కి వెళ్లే దారి లేకపోవడమే. ఉన్న దారిని లేదనుకుని ఆడితే ఆ చెమట పట్టదు. ఇంకా, తయారుచేసేవారు ఆ సదుపాయాన్ని మనసులో పెట్టుకుని లెవెల్స్ గీయడం మొదలుపెడితే, ఆన్ చేయనివారికి కూడా ఆట మారినట్టే. అయితే ఈ రెండో భయం కొత్త ఆటలకే వర్తిస్తుంది. 1985లోనే గీసేసిన లెవెల్స్‌కు కాదు.

పాత ఆటల విషయంలో గట్టిగా నిలబడే అభ్యంతరం ఇంకొకటి ఉంది. సదుపాయాలతో కొత్త వెర్షన్ రావడం ఒక సంగతి, దాని కోసం పాతదాన్ని తీసేయడం ఇంకో సంగతి. నింటెండో 2020 సెప్టెంబర్ 18న సూపర్ మారియో 3డి ఆల్-స్టార్స్ అనే పాత ఆటల సంకలనాన్ని విడుదల చేసి, 2021 మార్చి 31 తర్వాత అమ్మకం ఆపేసింది. అమెరికాలోని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో చేసిన అధ్యయనం ప్రకారం, అక్కడ 2010కి ముందు వచ్చిన ఆటల్లో 87 శాతం అప్పటికి మామూలుగా కొనడానికి దొరకడం లేదు.

సెగా 2022 జూన్‌లో సోనిక్ ఆరిజిన్స్ తెచ్చినప్పుడు రెండు మోడ్‌లు పెట్టింది. ఆనివర్సరీ మోడ్‌లో వెడల్పు తెర, లైఫ్‌ల లెక్క లేదు. క్లాసిక్ మోడ్‌లో పాత ఆకారపు తెర, లెక్కపెట్టిన లైఫ్‌లు. ఇద్దరికీ న్యాయం చేసినట్టే కనిపిస్తుంది. కానీ దానికి నెల ముందే, పాత సోనిక్ ఆటలను విడివిడిగా అమ్మడాన్ని చాలా డిజిటల్ షాపుల్లో ఆపేసింది. సోనిక్ 3లోని కొన్ని లెవెల్స్ సంగీతం కొత్త సంకలనంలో వేరే. క్లాసిక్ మోడ్ పెట్టుకున్నా వినిపించేది ఆ మార్చిన సంగీతమే. పాతదే కావాలంటే ముందే కొనుక్కున్న కాపీ అయినా ఉండాలి, 1994 నాటి క్యాసెట్ అయినా దొరకాలి.